బ్యాకప్ ఖర్చు ఎవరి పద్దులో?

సోమందేపల్లెలో రైతు వన్-బీ భూమి రికార్డు నకలు తీసుకున్నా, ఇంటి కరెంటు బిల్లు కట్టినా, సహకార సంఘంలో పంట అప్పు తిరగరాసుకున్నా, వివరాలు ఎక్కించేది ఇక్కడి కంప్యూటర్లలోనే. అవి నిల్వ ఉండేది మాత్రం ఎక్కడో దూరానున్న సర్వర్లలో. పెనుకొండ దాటి బెంగళూరు వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఈ మండల కేంద్రంలో ఆ సర్వర్ గది ఎలా ఉంటుందో ఎవరూ చూసి ఉండరు, చూడాల్సిన అవసరమూ రాలేదు. కానీ ఆ సర్వర్ చెడిపోయినా, తగలబడినా, ఎవడో దొంగ దానికి తాళం వేసి డబ్బు అడిగినా, ఈ ఊరి భూమి లెక్క, అప్పు లెక్క మళ్లీ కళ్లబడాలంటే రెండో ప్రతి ఉండి తీరాలి. ఆ ప్రతి తీయడానికి, దాచడానికి, అడిగిన రోజు తిరిగి ఇవ్వడానికి డబ్బు కావాలి. కేంద్ర కంప్యూటర్ విభాగం ఆ డబ్బును తన బడ్జెట్‌లోంచే భరించాలా? లేక వాడుకునే ప్రతి శాఖకూ నెలనెలా బిల్లు పంపాలా?

విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సెంటర్లలో ఈ ప్రశ్న చాలాకాలంగా నలుగుతోంది. ప్రభుత్వ కార్యాలయాలు కాగితం నుంచి కంప్యూటర్‌కు మారాక ఇక్కడా పదునెక్కింది. పైకి పద్దుల తగాదాలాగే ఉంటుంది. అయితే ఏ శాఖ సమాచారం బతికి బయటపడుతుంది, ఏ శాఖది పోతుంది అన్నది చాలాసార్లు ఈ బిల్లింగ్ పద్ధతే నిర్ణయిస్తోంది. అందుకే దీన్ని ఒక కొస నుంచి మరో కొస దాకా చూడాలి.

ఖర్చు ఎక్కడ పుడుతుంది

బ్యాకప్ అంటే ఫైళ్లను మరో డిస్కులోకి కాపీ చేయడమే కదా, డిస్కు ధరే దాని ఖర్చు కదా అనుకోవడం సహజం. నిజానికి ఆ మొత్తంలో డిస్కు, టేపుల వాటా కాలక్రమేణా తగ్గుతూ వచ్చింది. 2000లో వచ్చిన మొదటి తరం ఎల్‌టీఓ టేపులో 100 జీబీ పట్టేది. 2021లో వచ్చిన తొమ్మిదో తరం టేపులో 18 టీబీ పడుతుంది. చవక కానివి మిగతావి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఉంది, రాత్రిపూట డేటా మోసే నెట్‌వర్క్ ఉంది, వేరే ఊళ్లో మరో ప్రతి ఉంచే గది, దానికి ఏసీ, యూపీఎస్ ఉన్నాయి. అన్నిటికీ మించి, పొద్దున్నే వచ్చి రాత్రి ఏ జాబ్ ఫెయిలయిందో చూసి, ఎందుకు ఫెయిలయిందో కనుక్కునే మనిషి ఉండాలి. ఆ మనిషి జీతం 1 టీబీకైనా 50 టీబీకైనా దాదాపు ఒకటే. అంటే ఈ ఖర్చులో పెద్ద భాగం వాడకంతో పెరగదు, తగ్గదు. సేవ మొదలుపెట్టిన రోజే అది మొత్తంగా నెత్తిన పడుతుంది.

పైగా పరిమాణం ఒకటే అయినా భారం ఒకటి కాదు. ఒక శాఖ దగ్గర స్కాన్ చేసిన పాత రికార్డులు 1 టీబీ ఉన్నాయనుకుందాం. మరో శాఖలో రోజూ లావాదేవీలు జరిగే డేటాబేస్ కూడా 1 టీబీయే. మొదటిదాన్ని ఒకసారి కాపీ తీసిపెడితే తర్వాత పెద్దగా పని ఉండదు. రెండోదానిలో రోజుకు 5 శాతం మారితే రోజుకు 50 జీబీ కొత్తగా చేరుతుంది. నెల రోజుల ప్రతులు ఉంచాలంటే ఇంకో 1.5 టీబీ కావాలి. టీబీకి ఇంత అని ఒకే రేటు పెడితే, పాత రికార్డుల శాఖ తెలియకుండానే డేటాబేస్ శాఖ ఖర్చు మోస్తుంది. ప్రతులు ఎన్ని రోజులు ఉంచాలన్నదీ ఇంతే ముఖ్యం. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. అలాంటి ఒక్క నియమంతో శాఖ ప్రమేయం లేకుండానే దాని బిల్లు పెరుగుతుంది.

అసలు చిక్కు డీడూప్లికేషన్ దగ్గర వస్తుంది. ఒకే జీఓ కాపీ పది శాఖల కంప్యూటర్లలో ఉంటే, బ్యాకప్ వ్యవస్థ ఒక్క ప్రతిని మాత్రమే దాచి మిగతా తొమ్మిదింటికి గుర్తు పెట్టుకుంటుంది. ఇప్పుడు బిల్లు దేని మీద వేయాలి? శాఖ దగ్గరున్న అసలు పరిమాణం మీద వేస్తే సెంటర్‌కు మిగులు కనిపిస్తుంది, శాఖలు నిలదీస్తాయి. కుదించాక మిగిలిన పరిమాణం మీద వేస్తే ముందుగా చేరిన శాఖ ఆ జీఓ ఖర్చు మొత్తం భరిస్తుంది, వెనక చేరిన తొమ్మిది శాఖలకు అది దాదాపు ఉచితం. డేటాను ముందే ఎన్‌క్రిప్ట్ చేసి పంపే శాఖదైతే కుదింపుకే లొంగదు. అలా జాగ్రత్తపడ్డ శాఖకే ఎక్కువ బిల్లు వస్తుంది. నా మటుకు నాకు అసలు పరిమాణం మీద లెక్కే సబబుగా తోస్తుంది. శాఖ తన కంప్యూటర్‌లో చూసుకుని సరిపోల్చుకోగల అంకె అదొక్కటే. కుదింపు వల్ల ఆదా అయిన డబ్బును ఏడాది చివర రేటు తగ్గించి అందరికీ పంచవచ్చు.

ధర కట్టిన తొలి రోజులు

కంప్యూటర్ సేవలకు లోపలి ధర కట్టే అలవాటు 1960ల నాటిది. యంత్రం ఒకటి, వాడేవాళ్లు వందమంది. హార్వర్డ్‌లో పీడీపీ-1 కంప్యూటర్ సమయాన్ని ‘యెన్’ అనే పేరుతో సృష్టించుకున్న లోపలి నాణెంతో వేలం వేసుకునేవారని ఐవాన్ సదర్లాండ్ 1968లో రాశారు. అసలు డబ్బు చేతులు మారేది కాదు, కానీ సమయానికి విలువ ఉందని ప్రతివారికీ తెలిసేది. 1970లో నార్మన్ నీల్సన్ అనే పరిశోధకుడు కంప్యూటర్ వనరులు పంచడానికి ధరే సమాధానమా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి వ్యాసం రాశారు. ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

అయితే అప్పటి యంత్ర సమయానికీ, ఇప్పటి బ్యాకప్‌కూ ఒక తేడా ఉంది. ఒకరు గంటసేపు యంత్రం వాడితే మరొకరు ఆ గంట ఆగాలి. అక్కడ ధర పెడితే అనవసరపు వాడకం తగ్గుతుంది, అది అందరికీ మంచిదే. బ్యాకప్‌లో వాడకం తగ్గించుకున్న శాఖకు ఆ నెల డబ్బు మిగులుతుంది, నష్టం మాత్రం ఎన్నేళ్ల తర్వాతో బయటపడుతుంది. అప్పటికి ఆ నిర్ణయం తీసుకున్న అధికారి బదిలీ అయిపోయి ఉంటాడు. నష్టపోయేది కూడా ఆ శాఖ కాకపోవచ్చు. సర్టిఫికెట్ కోసం వచ్చిన విద్యార్థో, పింఛను కోసం వచ్చిన ముసలమ్మో నష్టపోతారు. ధర అనే పనిముట్టు ఇక్కడ సరిగ్గా పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఎవరెవరు ఎలా వసూలు చేస్తున్నారు

ఒక చివర పూర్తిగా ఉచితమనే పద్ధతి ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1995లో మొదలుపెట్టిన హెచ్‌ఎఫ్‌ఎస్ అనే కేంద్ర బ్యాకప్ సేవ చాలా ఏళ్లు సిబ్బందికి, పరిశోధక విద్యార్థులకు వాడుకునే చోట ఏ రుసుమూ లేకుండా అందింది. ఖర్చు విశ్వవిద్యాలయం ఉమ్మడి నిధి నుంచి వెళ్లేది. ఇలాంటి చోట ఎవరూ బ్యాకప్ ఎగ్గొట్టరు. కానీ సినిమాలూ, పాత ప్రాజెక్టుల చెత్తా అన్నీ కలిపి పంపేస్తారు. అందుకని ఒక్కొక్కరికీ హద్దు పెట్టక తప్పదు.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల నెలకు జీబీకి ఇంత, లేదా యంత్రానికి ఇంత అని రేటు పట్టిక ఉంటుంది. దీనికి పరిశోధన నిధుల నిబంధనలే ప్రధాన కారణం. సమాఖ్య ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు నుంచి ఇలాంటి ప్రత్యేక సేవలకు చెల్లించాలంటే, రుసుము అసలు వాడకం మీద ఉండాలి. రేటు సేవకయ్యే మొత్తం ఖర్చును రాబట్టడానికే పరిమితం కావాలి. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుకు ఒక ధర, సొంత శాఖకు తక్కువ ధర అనే తేడా ఉండకూడదు. కనీసం రెండేళ్లకోసారి రేట్లు సవరించాలి. ఈ నియమాల్లో వివక్ష కూడదన్న మాట మన దగ్గరా అరువు తెచ్చుకోదగ్గది. పెద్ద శాఖ గట్టిగా అడిగితే రాయితీ, చిన్న శాఖకు పూర్తి ధర అనే పద్ధతి ఎక్కడైనా తప్పే.

మధ్యలో ఇంకో దారి ఉంది. బిల్లు తయారు చేస్తారు, శాఖకు పంపుతారు, డబ్బు మాత్రం అడగరు. మీరు ఇంత వాడారు, దానికి ఇంత అయింది అని చెప్పి ఊరుకుంటారు. ఐటీ నిర్వాహకులు దీన్ని షోబ్యాక్ అంటారు, నిజంగా వసూలు చేస్తే చార్జ్‌బ్యాక్. షోబ్యాక్ బిల్లు కంటికి కనబడితే చాలు, చాలా శాఖలు వాటంతటవే పాత చెత్త తీసేస్తాయి.

మన దగ్గర తలకింత చొప్పున వసూలు చేయడం విశ్వవిద్యాలయాలకు అలవాటైన పనే. జేఎన్‌టీయూల అనుబంధ కళాశాలలు విద్యార్థుల సంఖ్యను బట్టి కామన్ సర్వీసెస్ ఫీజు కడతాయి. మార్కులు, హాల్ టికెట్లు, పట్టాల వంటి ఉమ్మడి పనుల ఖర్చు అలాంటి రుసుముల నుంచే సర్దుతారు. పది జీబీ, వంద జీబీ అనే లెక్క అక్కడ రాదు. కళాశాలకు ముందే తెలిసిన అంకె అది, ఏడాదికి ఒకసారి కట్టేస్తే సరిపోతుంది. బ్యాకప్ కనీస సేవకు నాకు నచ్చిన పద్ధతి ఇదే. తలల లెక్కలో దాపరికం ఉండదు, మోసానికి తావుండదు.

మీసేవలో ఇంకో రకం చూస్తాం. 2011 నవంబరులో మొదలైన ఆ సేవలో పౌరుడు కట్టే రుసుమును శాఖ, కేంద్రం నడిపే వ్యక్తి, వ్యవస్థను నిర్వహించే సంస్థ పంచుకుంటాయి. అంటే నిల్వ, నెట్‌వర్క్‌ల ఖర్చులో కొంత చివరికి సర్టిఫికెట్ తీసుకున్న మనిషే మోస్తున్నాడు. ఆదాయం వచ్చే సేవలకు ఇది నడుస్తుంది. కుక్కల టీకాల రిజిస్టరుకూ, అంగన్‌వాడీ తూకాల పట్టికకూ రుసుము కట్టేవాళ్లెవరు?

ఐదేళ్ల గ్రాంటు తర్వాత

భారత ప్రభుత్వ వ్యవస్థల్లో చాలా వరకూ కేంద్రం గ్రాంటు మీదే పునాది పడింది. 1976లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ చాలా సేవలను తన బడ్జెట్ నుంచే నడిపింది. ప్రాజెక్టుల వారీగా డబ్బు తీసుకుని కొనుగోళ్లు చేయడానికి 1995లో దాని కింద ఎన్‌ఐసీఎస్‌ఐ వచ్చింది. 2008 జనవరిలో రాష్ట్ర డేటా సెంటర్ల పథకాన్ని ఐదేళ్ల కాలానికి 1,623.20 కోట్ల రూపాయలతో ఆమోదించారు. ప్రతి రాష్ట్రంలో శాఖలన్నిటికీ కలిపి ఒకే చోట సర్వర్లు, నిల్వ, బ్యాకప్ ఉండాలన్నది ఉద్దేశం. మంచి ఆలోచనే. కానీ ఐదేళ్లు గడిచాక పరికరాలు పాతబడటం మొదలైంది, లైసెన్సులు పునరుద్ధరించుకోవాల్సి వచ్చింది. ఆ బరువు రాష్ట్ర బడ్జెట్ మీద పడింది. ఆంధ్రప్రదేశ్‌కు 2014 విభజన కూడా తోడైంది. ఉమ్మడి రాష్ట్రపు డేటా సెంటర్ హైదరాబాద్‌లో ఉండిపోయింది, కొత్త రాష్ట్రం తన వ్యవస్థలను వేరుగా కట్టుకోవాల్సి వచ్చింది.

ప్రభుత్వ శాఖ బిల్లు కట్టే తీరు తెలిసినవాళ్లకు ఇక్కడి చిక్కు వెంటనే అర్థమవుతుంది. బడ్జెట్ విడతలవారీగా రిలీజ్ అవుతుంది. ఆఫీసు ఖర్చుల హెడ్‌లో నీళ్ల క్యాన్లకూ, స్టేషనరీకీ, జిరాక్సుకూ పోగా మిగిలేది అంతంతే. 2018 నుంచి బిల్లులన్నీ రాష్ట్ర ఆర్థిక శాఖ ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్ ద్వారా వెళ్తున్నాయి, పెట్టిన బిల్లు ఎప్పుడు పాసవుతుందో ముందే చెప్పలేరు. మార్చి 31 దాటితే ఖర్చు కాని డబ్బు మురిగిపోతుంది. ఇలాంటి పద్దుల నుంచి నెలనెలా మారే అంకెతో బ్యాకప్ బిల్లు కట్టమంటే, రెండు నెలలు బాకీ పడటం ఖాయం. బాకీ పడ్డ శాఖ బ్యాకప్ ఆపేయాలా? ప్రైవేటు సంస్థ ఆపేస్తుంది. ప్రభుత్వ సెంటర్ ఆపితే ఆ శాఖ రికార్డులు గాలిలో దీపం. ఆపకపోతే ఆ బిల్లు ఉత్త కాగితం.

కిందిస్థాయిలో పరిస్థితి ఇంకా అధ్వానంగా ఉంది. పెద్ద అప్లికేషన్ల డేటా ఎలాగూ పైనున్న సర్వర్లలోకి పోతుంది. ఆ అప్లికేషన్ బయట కార్యాలయం సొంతంగా తయారుచేసుకునే ఎక్సెల్ పట్టికలు, స్కాన్ చేసిన దరఖాస్తులు, సర్వే ఫొటోలు, కోర్టుకు ఇచ్చిన కౌంటర్ల ప్రతులు ఎవరి బ్యాకప్‌లోనూ ఉండవు. మా ప్రాంతంలోనే ఒక చిన్న కార్యాలయంలో చూశాను. ఆపరేటర్ నెలాఖరుకు ఆ ఫోల్డర్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి ఎక్కించి, దాన్ని చేతిరుమాలులో చుట్టి, తేదీ రాసిన చీటీ రబ్బరు బ్యాండుతో బిగించి, కంప్యూటర్ పక్కనే ఉన్న ఇనుప బీరువాలో పెడుతున్నాడు. ఆ డిస్కు అతని సొంత డబ్బుతో కొన్నది. కంటింజెన్సీ బిల్లు పెట్టినా రాలేదట. ఆ కుర్రాడి శ్రద్ధకు చేతులెత్తి మొక్కాలి. కానీ కంప్యూటరూ, డిస్కూ ఒకే గదిలో ఉన్నాయి. ఆ గదికి ఏమైనా అయితే రెండూ పోతాయి. మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల మాధ్యమాల్లో ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి అని బ్యాకప్ నిపుణులు చెప్పే 3-2-1 నియమంలో చివరిదే మన ఊళ్లలో ఎప్పుడూ తప్పుతుంది.

గదికి ఏమవుతుందిలే అనుకునే రోజులు పోయాయి. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఆ తర్వాత అధికారులు మండల తహసీల్దారు కార్యాలయాల్లో ఉన్న ప్రతుల కోసం వెతికి, దొరికినంత మేర ఫైళ్లను తిరిగి కూర్చే పనిలో పడ్డారు. ఎవరూ బ్యాకప్ అని పేరు పెట్టకపోయినా, కింది కార్యాలయంలో ఒక నకలు ఉంచే పాత రెవెన్యూ అలవాటే అక్కడ బ్యాకప్‌గా అక్కరకొచ్చింది. ఆ అలవాటుకు ఎవరూ బిల్లు వేయలేదు.

చార్జీ పెంచితే ఏం పోతుంది

జీబీకింత పద్ధతిలో అతి పెద్ద ప్రమాదం ఒకటుంది. అందరికంటే ఎక్కువ డేటా ఉన్నవాళ్లకే అందరికంటే ఎక్కువ బిల్లు వస్తుంది కాబట్టి, వాళ్లే ముందుగా తప్పుకుంటారు. కొందరైతే ఖర్చు భయంతో అసలు మొదలే పెట్టరు. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబరు 26న జరిగింది చూడండి. డేజాన్ నగరంలోని జాతీయ సమాచార వనరుల కేంద్రంలో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. వాటిలో ప్రభుత్వోద్యోగులు తమ పని పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్ ఒకటి, అందులో 858 టీబీ ఉండేది. మిగతా వ్యవస్థల్లో చాలావాటికి ఏదో ఒక రకం ప్రతి ఉంది. జీ-డ్రైవ్ మొత్తం కాలిపోయింది, బయట ప్రతి లేదు. పరిమాణం మరీ పెద్దదని దానికి బయటి బ్యాకప్ పెట్టలేదు. దాదాపు ఏడున్నర లక్షల మంది ఉద్యోగులకు ఉద్దేశించిన వ్యవస్థ అది. పత్రాలన్నీ అందులోనే ఉంచాలన్న నియమాన్ని శ్రద్ధగా పాటించిన శాఖే ఎక్కువ నష్టపోయింది. అంత సంపన్న దేశం, అంత సాంకేతిక నైపుణ్యం ఉన్న దేశం, పరిమాణాన్ని చూసి వెనక్కి తగ్గింది.

డబ్బు పెట్టి బ్యాకప్ తీసినంత మాత్రాన గట్టెక్కలేమని క్యోటో విశ్వవిద్యాలయం అనుభవం చెబుతుంది. 2021 డిసెంబరులో అక్కడి సూపర్ కంప్యూటర్ బ్యాకప్ ప్రోగ్రాంలో లోపం వల్ల 77 టీబీ డేటా, 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు చెరిగిపోయాయి. 14 పరిశోధన బృందాలకు దెబ్బ తగిలితే, వాటిలో నాలుగు బృందాల డేటా తిరిగి రాలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున డేటాబేస్ తుడిచేసినప్పుడు, ఉన్నాయనుకున్న ఐదు రకాల రక్షణల్లో ఏదీ సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. ఈ రెండు చోట్లా ఖర్చు పెట్టారు. తీసిన ప్రతి తిరిగి వస్తుందా అని చూసే పనే తక్కువైంది.

తిరిగి వస్తే ఎంత మేలో మనకూ అనుభవమే. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టీబీ డేటాకు తాళం పడింది. దాడి తగలని బ్యాకప్ సర్వర్ నుంచి ఇ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చుకున్నారు. 2019 వేసవిలో ఆంధ్ర, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వ్యవస్థలపైనా ఇలాంటి దాడే జరిగింది. మా కరెంటు లెక్కలు చూసే తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ కూడా వాటిలో ఒకటి. డేటాకు వేరే ప్రతి ఉందని అధికారులు ప్రకటించడంతో జనం ఊపిరి పీల్చుకున్నారు.

తిరిగి ఇవ్వడానికి రుసుమా?

రిస్టోర్‌కు చార్జీ వేసే పద్ధతిని మాత్రం నేను ఏ విధంగానూ సమర్థించలేను. క్లౌడ్‌లో నిల్వ చేసే కంపెనీల ధరలు చూస్తే దాని ఫలితం కళ్లకు కడుతుంది. అమెజాన్ 2019లో తెచ్చిన డీప్ ఆర్కైవ్ నిల్వకు అమెరికా రేట్ల ప్రకారం 1 టీబీకి నెలకు సుమారు ఒక డాలరు. చాలా చవక. కానీ ఆ డేటాను బయటికి తెచ్చుకోవాలంటే తీసే రుసుము కాకుండా, ఇంటర్నెట్ మీద దింపుకోవడానికే జీబీకి దాదాపు 9 సెంట్లు. అంటే 1 టీబీకి 90 డాలర్ల దాకా. పెట్టేటప్పుడు రూపాయి, తీసుకునేటప్పుడు తొంభై. పైగా సాధారణ పద్ధతిలో అడిగినా చేతికి రావడానికి 12 గంటలు పట్టవచ్చు, 180 రోజుల లోపు తీసేసినా మొత్తం కాలానికి చెల్లించాలి. 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే ఆ కంపెనీ రీజియన్ తెరిచింది కాబట్టి మన సంస్థలు అటువైపు చూడటం తప్పు కాదు. లెక్క వేసేటప్పుడు నిల్వ ధర ఒక్కటే వేసుకుంటేనే తప్పు.

ఉచితం అన్నదాన్ని నమ్ముకోవడమూ ఇంతే. విద్యాసంస్థలకు హద్దులేని నిల్వ ఇచ్చిన గూగుల్ 2021లో ఆ విధానం ముగిస్తున్నట్టు ప్రకటించి, 2022 జులై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ ఉమ్మడి హద్దు పెట్టింది. అప్పటిదాకా శాఖల వారీగా ఎవరు ఎంత వాడుతున్నారో లెక్క పెట్టని విశ్వవిద్యాలయాలు ఒక్కసారిగా హడావిడి పడాల్సి వచ్చింది. డబ్బు వసూలు చేయకపోయినా లెక్క మాత్రం మొదటి రోజు నుంచీ ఉండాలని అందుకే అంటున్నాను.

రిస్టోర్‌కు రుసుము పెడితే శాఖలు పరీక్షించడం మానేస్తాయి. పరీక్షించని బ్యాకప్ క్యోటోలోనో, గిట్‌ల్యాబ్‌లోనో జరిగినట్టే బయటపడుతుంది. కనుక తిరిగి ఇవ్వడం, ఏడాదికి రెండుసార్లయినా తీసి చూపించడం, రెండూ కనీస సేవలో భాగంగా ఉండాలి, వాటికి విడి ధర ఉండకూడదు.

మా సీమలో చెరువుల కథ నాకు ఈ సందర్భంలో గుర్తొస్తుంది. దేశంలోనే వాన అతి తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇక్కడ చెరువు కట్టించినవారికో, గండి పూడ్చి బాగుచేసినవారికో ఆయకట్టు కింద కొంత భూమో, శిస్తులో వాటానో దశబంధం ఇనాంగా ఇచ్చేవారు. కట్టను కాపాడుతూ ఉండాలన్నది అందులో షరతు. ఆ వాటా కరువు ఏడాదికీ, నిండిన ఏడాదికీ ముందే తెలిసిన లెక్క. ఎన్ని బానలు తోడారన్న దాని మీద కట్ట కాపలా ఆధారపడలేదు. బ్యాకప్ సెంటర్ పునాది ఖర్చుకు ఇలాంటి స్థిరమైన వాటానే సరైనదని నా నమ్మకం. సిబ్బంది, లైసెన్సు, రెండో ఊరి గది, వీటిని శాఖల ఉద్యోగుల సంఖ్యను బట్టో, బడ్జెట్ పరిమాణాన్ని బట్టో ఏడాది మొదట్లోనే పైనుంచి మినహాయించాలి. ప్రతి శాఖకూ కొంత హద్దు దాకా ఇంకే రుసుమూ ఉండకూడదు. ఆ హద్దు దాటిన పెద్ద శాఖలకు, సీసీ కెమెరా దృశ్యాలు, డ్రోన్ సర్వే ఫొటోలు దాచేవాళ్లకు జీబీకింత అని వేయడంలో అన్యాయం లేదు. అలాంటి శాఖలకు ప్రాజెక్టు నిధుల్లో ఆ పద్దు ముందే రాసుకునే వీలుంటుంది.

చట్టం కూడా ఇటే నడిపిస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రభుత్వానికి కొన్ని మినహాయింపులు ఇచ్చినా, భద్రత బాధ్యతను సమాచారం సేకరించిన సంస్థ మీదే పెట్టింది. తగిన రక్షణ ఏర్పాట్లు చేయకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. 2025 నవంబరులో వెలువడిన నియమాలు ఆ రక్షణ ఏర్పాట్లలో డేటా బ్యాకప్‌ను పేరు పెట్టి ప్రస్తావించాయి. బిల్లు భయంతో మా శాఖకు వద్దు అని రాసిచ్చే స్వేచ్ఛ ఇక ఎవరికీ ఉండదు. వద్దనే హక్కు లేనిదానికి మార్కెట్ ధర కట్టి అమ్మడం కుదరదు.

శాఖకు పంపే బిల్లు కాగితం ఎలా ఉండాలన్నది కూడా చిన్న విషయమేం కాదు. చాలా సెంటర్ల బిల్లులో పరిమాణం, రేటు, మొత్తం, ఈ మూడే కనిపిస్తాయి. నేనైతే అందులో ఆ శాఖకు చెందిన ఏ యంత్రాలు బ్యాకప్‌లో ఉన్నాయి, ఏవి లేవు అని ముందు రాయమంటాను. చివరిసారి విజయవంతంగా ప్రతి తీసిన తేదీ రాయాలి. రెండో ప్రతి ఏ ఊళ్లో ఉందో రాయాలి. చివరిసారి రిస్టోర్ చేసి చూసింది ఎప్పుడో, అప్పుడు శాఖ తరఫున సంతకం చేసిందెవరో రాయాలి. ఆ ఖాళీలు నింపలేని సెంటర్‌కు డబ్బు అడిగే అర్హత లేదు. ఆ కాగితాన్ని చదవకుండా ఫైలులో పెట్టే శాఖాధిపతి కూడా తన బాధ్యత సగమే చేసినట్టు.

ఇదంతా ముందుగా తేల్చుకోవాల్సిన చోటు మన సహకార సంఘాలు. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం దేశంలోని 63,000 ప్రాథమిక సహకార పరపతి సంఘాల కంప్యూటరీకరణను 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఐదేళ్లకు ఆమోదించింది. క్లౌడ్‌లో నడిచే ఉమ్మడి సాఫ్ట్‌వేర్, సైబర్ భద్రత, డేటా నిల్వ అన్నీ అందులో భాగమే. రైతు చేతిలోని పాస్‌బుక్కులో ఉన్న అంకెకు ఇకపై అసలు ఆధారం ఆ నిల్వే. ప్రాజెక్టు కాలం 2026-27తో ముగుస్తుంది. తర్వాత ఆ నిల్వ ఖర్చును సంఘాల మీద జీబీకింత అని పంచితే, కరువు ఏడాది వసూళ్లు లేని అనంతపురం ప్రాంత సంఘాలే ముందు బాకీ పడతాయి. సభ్యుల సంఖ్యను బట్టి ఏడాదికో చిన్న వాటా నిర్ణయించి, దాన్ని జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ద్వారా మినహాయించి, కరువు మండలంగా ప్రకటించిన ఏడాది ఆ వాటాను రాష్ట్రమే భరిస్తే ఆ చిక్కు రాదు. ఈ మేరకు ఉత్తర్వు గ్రాంటు అయిపోయాక ఇస్తే లాభం లేదు, ఇప్పటి బడ్జెట్‌లోనే పద్దు తెరవాలి.